ఆ చావు ఎవరికి అవసరమైంది?

ఒడిశాలోని బరంపురంలో మాది స్టేషనరీ, జెరాక్సు షాపు. డెత్ సర్టిఫికెట్ పనుల మీద తిరిగేవాళ్ళు ఫారాలకనీ, నకళ్ళకనీ రోజూ వస్తూనే ఉంటారు. ఈమధ్య పోయినవాళ్ళ సంగతైతే పెద్ద కష్టం లేదు. తాత, ముత్తాతల చావు తేదీ కావాలని వచ్చేవాళ్ళ అవస్థే చూడలేం. వంశవృక్షం రాసుకుందామని ఉత్సాహంగా మొదలుపెట్టి, మునిసిపాలిటీలో లేదన్నారని అక్కడితో వదిలేస్తుంటారు. మా ఇంటి పెద్దల కోసం కొన్నేళ్ళుగా తిరిగిన మనిషిగా వాళ్ళకు నేను చెప్పే మాట ఒకటే. మీ ముత్తాత పోయిన సంగతి ఆ రోజుల్లో ఎవరికి అవసరమైందో ముందు ఆలోచించండి. అవసరమైనవాళ్ళే రాసుకుని ఉంటారు. వాళ్ళ కాగితాల్లోనే వెతకాలి.

సర్కారుకు అవసరమైంది రోగాల లెక్క కోసం. మా గంజాం జిల్లా 1936 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. జనన మరణాల నమోదుకు మద్రాసువాళ్ళు 1899లో చట్టం చేశారు. పల్లెల్లో ఆ రిజిస్టరు రాసే పని గ్రామాధికారిది. ఎవరు పోయారన్నదాని కంటే దేంతో పోయారన్నదే పైవాళ్ళకు ముఖ్యం. కలరా, మశూచి, ప్లేగు, జ్వరాలు, విరేచనాలు, శ్వాసకోశ రోగాలు, దెబ్బలు, మిగతావన్నీ ఇతరాలు. ఏ చావైనా వీటిలో ఒకదాని కింద పడాల్సిందే. జిల్లా మొత్తం లెక్క మద్రాసుకు పోయేది, అక్కడ ఏటా శానిటరీ కమిషనర్ రిపోర్టు అచ్చయ్యేది. ఆ రిపోర్టుల్లో మన మనిషి పేరు దొరకదు, కానీ ఫలానా ఏడు ఫలానా నెలలో జిల్లాలో కలరా ఎంత ఉందో తెలుస్తుంది. ఇంట్లో చెప్పుకునే కథకు అది బలమైన ఆధారం.

మా పక్క ఊళ్ళో పాత కరణాలవారి ఇంట్లో అలాంటి రిజిస్టరు కాగితాల కట్ట ఒకటి అటక మీద మిగిలింది. వాళ్ళ మనవడు మా షాపులో నోట్‌బుక్కులు కొంటాడు. ఒకరోజు మాటల్లో చెబితే మా నాన్ననీ, మా ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. అంతా గొలుసుకట్టు రాత. మా నాన్న పక్కన కూర్చుని చదివిపెట్టకపోతే నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. 1918 అక్టోబరు పేజీ తీశాం. రోగం కాలమ్‌లో పైన ఒకసారి 'జ్వరం' అని ఉంది. దాని కింద పేజీ చివరి దాకా 'పైదే' అన్నట్టు గీతలు, గీతలు, గీతలు. ఆడవాళ్ళ దగ్గర చాలాచోట్ల పేరే లేదు, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని ఉంది. పేజీ సగం నుంచి దస్తూరి మారింది. ఎందుకు మారిందని అడిగితే, "మా ముత్తాత కూడా ఆ వారంలోనే పోయారట పిన్నిగారూ, మిగతాది వాళ్ళ తమ్ముడు రాశారు" అన్నాడా అబ్బాయి. ఆ కాగితం మీద చెయ్యి పెట్టి మా నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఆ ఏడు వచ్చింది ఇన్‌ఫ్లుయెంజా. దేశం మొత్తం మీద కోటిమందికి పైగా పోయారని అంచనా. కానీ రిజిస్టర్లో ఇన్‌ఫ్లుయెంజా అని వెతికితే దొరకదు. ఊరి లెక్కల్లో అది 'జ్వరాలు' కిందే కలిసిపోయింది. 1918 చివర్లో మీ ఇంట్లో ఒకరి వెంట ఒకరు పోయారన్న మాట ఉంటే, ఆ జ్వరం అదే అయ్యుంటుందని నేను దాదాపు ధైర్యంగా చెబుతాను.

ఇక మన సరిహద్దు చిక్కు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి పట్నం ఇటు వచ్చాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి, పాతపట్నం అటు మద్రాసులోనే ఉండిపోయాయి. అటు మిగిలిన గంజాం ముక్కను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా వేరుపడింది. అంటే ఇచ్ఛాపురం దగ్గర ఒకే ఊళ్ళో, ఒకే ఇంట్లో 1930లో పోయిన తాత గంజాం జిల్లా, 1940లో పోయిన నాయనమ్మ విశాఖ జిల్లా, 1955లో పోయిన పెదనాన్న శ్రీకాకుళం జిల్లా. ఇల్లు ఒక్క అడుగు కూడా కదల్లేదు. జయపురం, రాయగడ వైపువాళ్ళ చరిత్ర ఇంకోలా ఉంటుంది. 1936కి ముందు ఆ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. తర్వాత కోరాపుట్ జిల్లా. 1992 అక్టోబరు 2న దాంట్లోంచి రాయగడ, మా గంజాంలోంచి గజపతి జిల్లా విడిపోయాయి. కొండ మీది ఏజెన్సీ ఊళ్ళలో మైదానంలోలా చావుల రిజిస్టర్లు నడవలేదు, కాబట్టి అటువైపు పెద్దల కోసం వెతికేవాళ్ళు ఆ ఆశ పెట్టుకోకుండా భూమి కాగితాల మీద దృష్టి పెట్టడం మంచిది.

ఇప్పుడు నడుస్తున్నది 1969 నాటి కేంద్ర చట్టం. దాని కింద కూడా రెండు వైపులా పద్ధతి ఒకటి కాదు. ఆంధ్రా పల్లెల్లో పంచాయతీ కార్యదర్శిని అడగాలి. ఒడిశా పల్లెల్లో రిజిస్ట్రారు ప్రైమరీ హెల్త్ సెంటర్లో డాక్టరుగారు. ఇది తెలియక పంచాయతీ ఆఫీసుల చుట్టూ తిరిగి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. రిజిస్టర్లో వెతికించి సర్టిఫికెట్ తీసుకునే హక్కు 17వ సెక్షన్ ఇస్తుంది. అయితే చావుకు కారణం మాత్రం ఆ సర్టిఫికెట్లో రాయకూడదని అందులోనే ఉంది. వెతికి లేదంటే, లేదని కాగితం ఇమ్మనండి. దానికి వేరే ఫారమే ఉంది. ఆ కాగితం కూడా మీ వెతుకులాటలో ఒక భాగమే, దాచుకోండి. ఇంకొకరు మళ్ళీ అదే ఆఫీసుకు పోయి అదే ప్రశ్న అడిగే పని తప్పుతుంది.

పేర్ల గురించి కూడా చెప్పాలి. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఒడియా రికార్డుల్లో ఇంటిపేరు వెనక వస్తుంది. 1936 తర్వాత గుమాస్తా మన పేరు చూసి చివర ఉన్న 'రావు'నే ఇంటిపేరు అనుకుని రాసేశాడు. అందుకే నేను ప్రతి పేరునూ ఇంటిపేరు కింద ఒకసారి, సొంత పేరు కింద ఒకసారి, రావు కింద ఇంకోసారి వెతుకుతాను.

సర్కారు తర్వాత, మన ఇళ్ళలో చావు తేదీ నిజంగా కావలసింది పురోహితుడికి. తద్దినం పెట్టాలంటే మాసం, పక్షం, తిథి ఉండాలి. మా నాన్నకు తన నాయనమ్మ పోయిన ఇంగ్లీషు తేదీ తెలియదు, ఏ సంవత్సరమో తెలియదు. 'ఆశ్వయుజ బహుళ ఏకాదశి' అని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. తిథి దొరికితే సగం దొరికినట్టే, సంవత్సరం ఒక్కటే తేలాలి. పంతులుగారి పాత పుస్తకంలో ఆవిడ పేరు పక్కన 'కాళయుక్తి' అని ఉంది. కాళయుక్తి అరవై ఏళ్ళకొకసారి వస్తుంది. 1858, 1918, 1978. తాతగారికి అప్పటికి ఊహ తెలిసీ తెలియని వయసు కాబట్టి 1918 తప్ప వేరే దారి లేదు. ఆ ఏడు దీపావళి నవంబరు 3, ఆదివారం. ఏకాదశి అక్టోబరు నెలాఖరు. ఆ జ్వరం మద్రాసు జిల్లాల్లో ప్రాణాలు తీసింది కూడా సరిగ్గా ఆ అక్టోబరు, నవంబరుల్లోనే.

ఇక్కడ మా చిన్నతాత పిల్లలతో పెద్ద వాదనే నడిచింది. వాళ్ళది అస్కా వైపు స్థిరపడ్డ శాఖ. రెండు తరాలుగా ఒడియా పురోహితులే వాళ్ళకు కర్మలు చేయిస్తున్నారు. వాళ్ళ కాగితంలో అదే ఆవిడ తిథి 'కార్తీక కృష్ణ ఏకాదశి'. మీరు ఒక నెల ముందు పెడుతున్నారంటే, మీరే ఒక నెల వెనక పెడుతున్నారని ఇటూ అటూ అనుకున్నారు. నిజానికి రెండు ఇళ్ళూ తద్దినం పెట్టేది ఒకే రోజు. మన పంచాంగంలో నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజికలో పున్నమితో ముగుస్తుంది. శుక్ల పక్షంలో రెండు లెక్కలూ ఒకటే. బహుళ పక్షం వచ్చేసరికి ఒడియా లెక్క ఒక నెల ముందుకు పోతుంది. మన మహాలయ పక్షాలు భాద్రపద బహుళంలో వస్తే వాళ్ళకు అవే ఆశ్విన కృష్ణ పక్షం. సరిహద్దు ఇళ్ళలో తిథిని తేదీగా మార్చేటప్పుడు ముందు అడగాల్సింది, ఇది ఏ పంతులుగారు రాసిన తిథి అని. ఇది చూసుకోకపోతే తేదీ నెల రోజులు తప్పుతుంది, ఆపైన రిజిస్టర్లో తప్పు పేజీలు తిరగేస్తూ కూర్చుంటారు.

పూరీలో యాత్రికుల చేత కర్మలు చేయించే పండాల ఖాతాలు కూడా ఈ కోవలోవే. ఊరు, ఇంటిపేరు చెబితే మీ ఇంటి పండా పుస్తకం తీస్తాడు. ఎవరు ఏ ఏడు వచ్చారో, అప్పటికి ఎవరెవరికి పిండం పెట్టారో అందులో ఉంటుంది. చావు తేదీ ఉండకపోవచ్చు. కానీ ఫలానా ఏడు పిండం పెట్టారంటే అప్పటికి ఆ మనిషి లేరన్నది ఖాయం.

ఇంత చెప్పినా, నాకు అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. చావు వల్ల భూమి చేతులు మారుతుంది కదా. భూమి మారిందంటే దస్తావేజు రాస్తారు. దస్తావేజు రాస్తే ఫలానావారు ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని వదిలి కాలధర్మం చెందారో మొదట్లోనే చెప్పుకుంటారు. భాగపరిష్కారం కాగితాలైతే మరీ. అందులో మూడు తరాల మనుషులు వరసగా కనిపిస్తారు. నిస్సంతుగా పోయినవాళ్ళు, దత్తు పోయినవాళ్ళు, మనం పేరు కూడా విననివాళ్ళు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులుండే ఒకటో పుస్తకాన్నీ దాని ఇండెక్సునూ రుసుం కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు అడగొచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి. రాసిన మనిషి బతికుండగా వాటి నకలు ఇంకొకరికి ఇవ్వరు. పోయిన తర్వాత ఎవరడిగినా ఇవ్వాలి. పాత గంజాం దస్తావేజులు తెలుగులో కావలసినన్ని ఉంటాయి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కలకు వాడే సంవత్సరం కనిపిస్తే 590 కలపండి. ఫసలీ 1328 అంటే 1918 జులై నుంచి 1919 జూన్ దాకా.

నేను ఈ తిరుగుడంతా మొదలుపెట్టింది ఒక మనిషి కోసం. తాతగారి తల్లి ఆ జ్వరంలో పోయాక ఆయన్ని పెంచింది ఆయన పెద్దమ్మ. పిల్లల్లేరు. చిన్న వయసులోనే భర్త పోయాడు. తాతగారికి అన్నం పెట్టింది, బడికి పంపింది, పెళ్ళి చేసింది ఆవిడే. అయినా మా వంశవృక్షంలో ఆవిడకు గీత లేదు, తేదీ లేదు. కొడుకు లేడు కాబట్టి విడిగా తద్దినం నడవలేదు. మహాలయ పక్షంలో కారుణ్య పితరుల వరసలో, అంటే సొంత తల్లిదండ్రులూ తాతలూ కాని బంధువులను తలచుకునే చోట, తాతగారు ఆవిడ పేరు చెప్పేవారు, అంతే. మా నాన్నకు ఆ పేరు గుర్తుంది. ఎప్పుడు పోయిందో తెలియదు.

ఆవిడ చావు ఎవరికి అవసరమైంది? ఈ ప్రశ్న వేసుకున్నాకే దారి దొరికింది. ఆ రోజుల్లో ఉమ్మడి కుటుంబంలో విధవకు ఆస్తిలో వాటా లేదు, మనోవర్తి ఒక్కటే. భర్త తమ్ముడు, అంటే మా ముత్తాత, ఆవిడకు బతికినంతకాలం అనుభవించమని బరంపురం దగ్గర కొంత పల్లపు భూమి రాసిచ్చారు. ఆవిడ పోతే ఆ భూమి తిరిగి ఇంటికి రావాలి. వచ్చిన భూమిని ఎవరికైనా అమ్మాలంటే, ఆవిడ పోయిందని కాగితం మీద చెప్పి తీరాలి.

పేర్ల ఇండెక్సులో తాతగారి పేరు మీద వెతికించాం. 1943లో రాసిన అమ్మకం దస్తావేజు ఒకటి తేలింది. నకలు నా చేతికి వచ్చిన రోజు షాపు కౌంటర్ మీదే పరిచి చదివాను. సర్వే నంబర్లు, నాలుగు వైపులా హద్దులు, తూర్పున కాలవ. ఆ మధ్యలో ఒక్క వాక్యం. తన పెద్దతల్లి కిందటి సంవత్సరం కార్తీకమాసంలో పుట్టింటి గ్రామంలో కాలధర్మం చెందినందున మనోవర్తి భూమి తనకు సంక్రమించిందని తాతగారు రాయించారు. ఆవిడ పూర్తి పేరు ఉంది. భర్త పేరుంది. పుట్టింటి ఊరు ఉంది. తాతగారు ఆ అమ్మకపు సొమ్ములో కొంత ఆవిడ సంవత్సరీకాలకు ఖర్చయిందని కూడా అందులోనే రాయించారు. అంటే ఆయన కర్మ చేశారు. కొడుకులా నిలబడి చేశారు. మా నాన్నకు ఆ లైను చదివి వినిపిస్తే మళ్ళీ చదవమన్నారు.

పుట్టింటి ఊరు ఆంధ్రా వైపుది. 1942 నాటికి విశాఖపట్నం జిల్లా. అక్కడి ఆఫీసులో అంత పాత రిజిస్టర్లు లేవని కాగితం ఇచ్చారు. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళలో పెద్దావిడకు తొంభై దాటింది. "అమ్మా, మా తాతగారి పెద్దమ్మ ఇక్కడే పోయారట, మీకేమైనా గుర్తుందా?" అని అడిగితే, "గుర్తులేకపోవడమేటమ్మా! నాగులచవితికి పుట్టలో పాలు పోసొచ్చి పడుకుంది, మర్నాడు పొద్దున్న లేవలేదు. నేను చిన్నపిల్లని. నన్నొదిలి అందరూ ఏడుస్తున్నారు" అంది. నాగులచవితి మర్నాడంటే కార్తీక శుద్ధ పంచమి. శుద్ధ పక్షం కాబట్టి ఒడియా లెక్కలోనూ అదే. కిందటి సంవత్సరం అన్నారు కాబట్టి చిత్రభాను. పాత పంచాంగం చూస్తే 1942 నవంబరు 13, శుక్రవారం. మా నాన్న ఆ తిథిని తన చేత్తో పంతులుగారి పుస్తకంలో రాయించారు. అస్కా వాళ్ళకు కూడా పంపాను.

ఆవిడ భర్త సంగతి ఇంకా నడుస్తోంది. ఆయన రంగూన్ వెళ్ళారు. గోపాలపురంలోనో కళింగపట్నంలోనో ఓడెక్కి రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో పనికి పోని ఇల్లు ఈ తీరంలో తక్కువ. 1937 దాకా బర్మా కూడా ఇండియాలో భాగమే కాబట్టి అది పరాయి దేశం పోవడం కింద లెక్క కాదు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాక నడిచి వస్తూ దారిలో పోయినవాళ్ళ పేర్లను రాసిపెట్టే నాథుడే లేడు. ఆవిడ భర్త అంతకు చాలా ముందే పోయారు. కూలి పనికి వెళ్ళిన మనిషి చావు అక్కడ ఎవరికీ అవసరం కాలేదు. ఇక్కడ అవసరమైంది, మనోవర్తి రాయడానికి. ఆ మనోవర్తి దస్తావేజు నకలు కూడా తెప్పించుకున్నాను. 1914 నాటిది. ఆవిడ సంతకం ఉండాల్సిన చోట 'నిశాని' అని ఉంది. భర్త రంగూన్‌లో గతించారని ఉంది గానీ ఎప్పుడో రాయలేదు. అంటే 1914 నాటికి ఆయన లేరు. అంతకు ముందు ఎప్పటిదాకా ఉన్నారన్నది తేలాలి. దానికి మా అత్త పెట్టెలో మనియార్డరు కూపన్లు కొన్ని దొరికాయి, వాటి మీద రంగూన్ పోస్టు ముద్రలు మాసిపోయి ఉన్నా ఏడాది అంకెలు కొన్నిటి మీద చదవడానికి వస్తున్నాయి. మీ ఇంట్లో కూడా రంగూన్ వెళ్ళి తిరిగిరాని మనిషి ఉంటే, పెట్టెల్లో ముందు ఆ కూపన్లు వెతకండి. చివరి కూపన్ తేదీకీ, ఇక్కడ ఆయన పేరు మీది భూమికి రాసిన మొదటి దస్తావేజు తేదీకీ మధ్యలోనే ఆ చావు ఉంటుంది.